పసుపు చెరగని పట్టాలు

"నాలుగింటికి ఎస్సైగారు వస్తారు. ఈలోగా మీరేం కనిపెట్టినా నాకేం అభ్యంతరం లేదండీ," అన్నాడు బంగార్రాజు, పరిశోధన కేంద్రం ఆఫీసుగదిలో కుర్చీలో వెనక్కి వాలి. "ఇప్పుడు ఒంటిగంటా పది. మధ్యలో మీరు భోజనం కూడా చెయ్యాలి మరి."

"భోంచేసే వచ్చానండి. పప్పులో ఉప్పు తక్కువైంది గానీ మిగతా లోటేం లేదు," అంది రామతులసి. చేతిసంచీలోంచి నోటుపుస్తకం తీసి, ఒంటిగంటా పది అని రాసుకుంది.

బంగార్రాజు సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై ఇప్పుడు సెక్యూరిటీ కంపెనీ నడుపుతున్నాడు. ఆయన లెక్కలో రామతులసి పెళ్ళిసంబంధాల గుట్టు లాగే ఆడమనిషి. అందులో అబద్ధమేం లేదు. రాజమండ్రిలో ఆవిడ డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కే పదిమందిలో ఎనిమిదిమంది అబ్బాయి తాగుతాడా, అమ్మాయి మనసులో ఎవరైనా ఉన్నారా అని అడగడానికే వస్తారు. అంతకుముందు పన్నెండేళ్ళు ఆవిడ నరసాపురంలో ఒక లేసు వ్యాపారి దగ్గర పనిచేసింది. ఇళ్ళల్లో ఆడవాళ్ళు అల్లి తెచ్చిన లేసు బల్లమీద పరిచి తప్పులు పట్టడం ఉద్యోగం. నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ కళ్ళకి ఇంకా అద్దాలు అవసరపడలేదు.

ఈసారి తప్పు పట్టాల్సింది లేసులో కాదు. తొంభైల్లో తెల్లమచ్చల వైరస్ వచ్చి భీమవరం చుట్టుపక్కల హనుమంతరాజుగారి రొయ్యల చెరువులన్నిటినీ ఒక్క సీజన్లో తుడిచిపెట్టేసింది. ఇంకొకరైతే చెరువులు పూడ్చి వరి వేసుకునేవారు. ఆయన దాని అంతు చూడాలని పంతం పట్టి, ఊరి బయట పరిశోధన కేంద్రం కట్టించి, బావమరిది శ్రీనివాసరాజును డైరెక్టరుగా కూర్చోబెట్టాడు. వైరస్‌లోని ఒక ప్రొటీన్‌ని పంచదార పలుకులా స్ఫటికం కట్టించి, దానిమీద ఎక్స్‌రే వేసి, లోపలి ఆకారం తెలుసుకుంటే దానికి సరిపడే మందు తయారు చెయ్యొచ్చునని వాళ్ళ ఆశ. నాలుగేళ్ళకి, ఈ 2004 నవంబరులో, ఆకారం దొరికిందని డైరెక్టరు ప్రకటించాడు. రేపు ఉదయం విదేశీ కంపెనీవాళ్ళు ఒప్పందానికి వస్తున్నారు. వాళ్ళు చూపించమన్నది ఒక్కటే, ఈ కేంద్రంలో తీసిన అసలు ఎక్స్‌రే బొమ్మలన్నీ దాచిన టేపు.

ఆ టేపు సోమవారం నుంచి కనబడటం లేదు. ఇవాళ గురువారం. టేపులుండే బీరువాకి తాళంచెవులు రెండు. ఒకటి డైరెక్టరు దగ్గర, ఒకటి పీహెచ్‌డీ చేస్తున్న గీతిక దగ్గర. డైరెక్టరు యజమానికి బావమరిది. కాబట్టి దొంగెవరో తేల్చడానికి, యజమాని పిలిపించిన బంగార్రాజుకు గంట కూడా పట్టలేదు. గీతిక టేపుని హైదరాబాద్ కంపెనీ దేనికో అమ్మేసిందన్నాడు. గీతిక తల్లి పాలకొల్లులో బడిపంతులమ్మ. నిన్న రాజమండ్రి వచ్చి, రామతులసి చేతులు పట్టుకుని, "నా కూతుర్ని స్టేషన్ గుమ్మం ఎక్కనివ్వకండమ్మా. ఒక్కసారి ఎక్కిందంటే తరవాత నిర్దోషని తేలినా దిగినట్టు కాదు," అంది.

"అమ్మాయితో నేను ఒంటరిగా మాట్లాడాలండి," అంది రామతులసి.

"మాట్లాడండి. ఏడిస్తే మాత్రం కరిగిపోకండి. మావాళ్ళు అలాగే బోలెడు కేసులు పోగొట్టుకున్నారు," అంటూ బంగార్రాజు లేచి వెళ్ళాడు.

గీతిక ఏడవలేదు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"టేపు నువ్వు తీశావా తల్లీ?"

"నేనెవరికీ అమ్ముకోలేదండీ."

రామతులసి ఆ మాట అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. అడిగింది తీశావా అని. వచ్చిన జవాబు అమ్ముకోలేదని. అల్లికలో తప్పిన ముడిని చూసీ చూడనట్టు వేలితో దాటించి, ముందుకు వెళ్ళింది.

"అందరూ రిజల్యూషన్, రిజల్యూషన్ అంటున్నారు. అదేంటో నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. నేను చదివింది బీయే."

"ఎక్స్‌రే స్ఫటికాన్ని తాకి చెదిరి, వెనకాలున్న పలక మీద చుక్కలుగా పడుతుందండి. వేలకొద్దీ చుక్కలు. పలక మధ్యలో పడేవి ప్రొటీన్ పెద్దరూపం చెబుతాయి. అంచులకి పోయేకొద్దీ పడేవి సన్నసన్న వివరాలు చెబుతాయి. ఎంత అంచుదాకా చుక్కలు దొరికితే మనకి అంత సన్నగా కనబడుతుంది. దాన్ని ఆంగ్‌స్ట్రామ్‌లలో కొలుస్తాం. అంకె ఎంత తక్కువైతే చూపు అంత మంచిదన్నమాట."

రామతులసి దాన్ని తన లేసు లెక్కలోకి మార్చుకుంది. "లావుదారంతో అల్లితే గులాబీ వస్తుంది. కానీ రేకు మీద ఈనెలు రావు. సన్నదారమైతే ఈనె కూడా తేల్చొచ్చు. అదేనా?"

గీతిక ముఖంలో మొదటిసారి వెలుగొచ్చింది. "అదేనండి! మరి నా దారం లావుది. మూడు ఆంగ్‌స్ట్రామ్‌లు. పద్దెనిమిది స్ఫటికాలు మార్చాను, మూడు దాటి ఒక్క చుక్క పడలేదు. మూడు దగ్గర ప్రొటీన్ గొలుసు ఎటు తిరిగిందో తెలుస్తుంది. దాన్ని అంటిపెట్టుకున్న నీటి అణువులు మాత్రం కనబడవు. మందు ఎక్కడ అతుక్కుంటుందో తెలియాలంటే అవే కావాలి. సార్ రిపోర్టులో ఒకటి పాయింట్ తొమ్మిది అని ఉంది. రెండొందల పద్నాలుగు నీటి అణువులు పెట్టారు."

"ఎప్పుడు తీశారట?"

"దీపావళి సెలవుల్లోనండి. పదకొండు, పన్నెండు, పదమూడు తేదీలు. నేను పాలకొల్లులో ఉన్నాను. పదహారున తిరిగొచ్చేసరికి లెక్కలు వెయ్యడం, ఆకారం సరిదిద్దడం అంతా అయిపోయింది."

"స్ఫటికం అదే, మిషనూ అదే. మరి నీకు రానిది ఆయనకెలా వచ్చింది?"

"పలకని దగ్గరికి జరిపారని రాశారండి. గోడకి దూరంగా నిలబడి టార్చి వేస్తే వెలుగు గోడ అంచులు దాటిపోతుంది కదా, ఇదీ అంతే. పలక దూరంగా ఉంటే అంచుచుక్కలు బయటికి పోతాయి. నేను మూడొందల మిల్లీమీటర్ల దూరంలో పెట్టాను. మా పలక వెడల్పుకి అక్కడ మూడే వస్తుంది. ఒకటి పాయింట్ తొమ్మిది కావాలంటే నూట యాభై దాకా తేవాలి."

"నువ్వెందుకు తేలేదు?"

"తెస్తే చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయండి. ఎలాగూ నా చుక్కలు మూడు దగ్గరికొచ్చేసరికే ఆరిపోతున్నాయి, అది దాటి ఏమీ లేదాయె." గీతిక ఆగి, నెమ్మదిగా అంది. "సార్ తీసింది నిజమైతే నాకన్నా సంతోషించేవాళ్ళు ఉండరండి. మూడేళ్ళు అదే పని చేశాను."

మూడొందలు. నూట యాభై. రామతులసి రెండంకెలూ రాసి, చుట్టూ సున్నాలు చుట్టింది. టైము ఒకటీ నలభై.

మిషన్ గదికి తాతాజీ తలుపు తీశాడు. యాభై దాటిన మనిషి. తణుకు దగ్గర రైసుమిల్లులో పాతికేళ్ళు ఫిట్టరుగా చేసి, ఇక్కడ ఆపరేటరుగా చేరాడు. లోపల ఏసీ చలి ఎముకలకి తగిలింది. సీసం కలిపిన దళసరి అద్దాల వెనక, స్ఫటికాన్ని నిలబెట్టే సన్నటి సూది ఉంది. దానికి ఎదురుగా రెండు ఉక్కుపట్టాల మీద పళ్ళెంలాంటి పలకని మోసే ట్రాలీ. పట్టా పక్కనే మిల్లీమీటర్ల కొలబద్ద చెక్కి ఉంది. ట్రాలీ ఇప్పుడు మూడొందల ఇరవై దగ్గర నిలబడి ఉంది.

"దీపావళికి ఇది నడిచిందా తాతాజీగారూ?"

"డైరెక్టరుగారు నడిపారంటున్నారండి. నేను సెలవులో ఉన్నాను."

"మీరేమంటున్నారు?"

తాతాజీ తల గోక్కున్నాడు. "స్ఫటికం కరిగిపోకుండా ద్రవ నైట్రోజన్ చల్లగా ఊదాలండి. పశువులాసుపత్రికి ఎద్దుల వీర్యం చల్లారకుండా తెచ్చే బండివాడే మాకూ తెచ్చి పోస్తాడు. మూడు రోజులు నడిస్తే రెండు క్యాన్లు అయిపోవాలి. పదహారున వచ్చి చూస్తే రెండో క్యాను మూతకి వాడు కట్టిన పురికొస కట్టినట్టే ఉందండి."

"చల్లారకుండా కాదు, వేడెక్కకుండా."

"ఆయ్, అదేనండి."

"ఈ పురికొస సంగతి ఎవరికైనా చెప్పారా?"

"నన్నెవరడిగారండీ?"

రామతులసికి నవ్వొచ్చింది. కానీ పురికొస చాలదు. విప్పినవాడు మళ్ళీ కట్టి ఉండొచ్చు. ఆవిడ సంచీలోంచి చిన్న టార్చి తీసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, పట్టాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. వెలుగు ఉక్కు మీద జారుతూ వెళ్ళి ఒకచోట పచ్చగా ఆగింది.

"ఇదేంటండీ? పసుపా?"

"ఆయుధపూజ కదండీ! దసరాకి మిల్లులో గుండ్లకీ, బెల్టు చక్రాలకీ అన్నిటికీ పెట్టేవాళ్ళం. ఇక్కడికొచ్చాక మానెయ్యడానికి మనసొప్పలేదు. అంగుళానికో బొట్టు పెట్టానండి, రెండు పట్టాలకీ. నూనె మీద పసుపు నిలవదని ముందు స్పిరిట్‌తో తుడిచి మరీ పెట్టాను. డైరెక్టరుగారే కొబ్బరికాయ కొట్టారు."

"తరవాత తుడవలేదా?"

తాతాజీ చెంపలేసుకున్నంత పని చేశాడు. "పూజబొట్టు చేత్తో తుడుస్తామాండీ? దానంతటదే రాలాలి."

రామతులసి ముందుకి వంగింది. కొలబద్ద పక్కనే టార్చి పట్టుకుని, ట్రాలీకి వెనక భాగం నుంచి మొదలుపెట్టి చూసుకుంటూ వచ్చింది. ఐదొందలు, నాలుగొందల యాభై, నాలుగొందలు. అక్కడ బొట్లు లేవు, చక్రాలు నలిపి ఈడ్చిన పసుపుచార మాత్రమే ఉంది. మూడొందల ఇరవై దగ్గర ట్రాలీ. దాన్ని దాటితే మూడొందల దాకా మళ్ళీ చార. మూడొందల గీత దగ్గర ఆ చార కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అక్కడినుంచి సూదివైపు ఒక్కో పట్టా మీద ఎనిమిదేసి బొట్లు. ఎండి, సన్నగా బీటలిచ్చి, నెత్తిన కుంకంచుక్కతో నిండుగా ఉన్నాయి. కుడిపట్టా మీద సూది నుంచి ఐదో బొట్టు, పెట్టినప్పుడు నీళ్ళెక్కువై కాబోలు, పక్కకి కన్నీటిచారలా కారి ఎండిపోయింది.

పండగనాడు పెట్టిన గడపబొట్టు చూసి, ఇంట్లో ఎవరు దాటారో, ఎవరు తొక్కారో చెప్పని ఇల్లాలుండదు. ట్రాలీ చక్రాలు ఈ పట్టాల మీదుగా తప్ప ఇంకెటూ రాలేవు. నూట యాభైకి రావాలంటే ఒక్కో పట్టా మీద కనీసం ఐదు బొట్ల మీదుగా రావాలి. వెళ్ళేటప్పుడు మళ్ళీ వాటిమీదుగానే వెళ్ళాలి.

"దసరా నుంచి ఈ ట్రాలీ మూడొందలు దాటి ముందుకి రాలేదు తాతాజీగారూ."

తాతాజీ వంగి, బొట్లకి వేలు తగలకుండా ఒక్కోటీ లెక్కపెట్టుకున్నాడు.

"బాగుందండీ!" వెనకనుంచి చప్పట్లు వినబడ్డాయి. బంగార్రాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "పసుపు కుంకాలు చూసి సైన్సు తేలుస్తున్నారన్నమాట. రేపు ఒప్పందం ముందు బల్లిశాస్త్రం కూడా చూపించండి, కంపెనీవాళ్ళు సంతోషిస్తారు."

"చూపిద్దామండి. బల్లి అబద్ధం రాయదు కదా."

"ఎవరో నిన్న పెట్టారు ఆ బొట్లు. పసుపుకి పుట్టినరోజు రాసుంటుందా?" బంగార్రాజు చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి, గోడకున్న స్విచ్చుల పెట్టె దగ్గరికి వెళ్ళాడు. "అంత అనుమానమైతే ట్రాలీని జరిపే చూద్దాం. వస్తుందో రాదో తెలిసిపోతుంది. ఇదేనా తాతాజీ, ముందుకి తెచ్చే బటను?"

ఆయన వేలు బటను చేరేలోపు రామతులసి అరచెయ్యి దానిమీద పడింది.

"వస్తుందండి. రాదని నేననలేదు. వస్తే ఆ బొట్లు పోతాయి. ముప్పయ్యేళ్ళు పోలీసు ఉద్యోగం చేసిన మనిషి సాక్షిని చూడగానే చెరిపేస్తానంటారేంటి?"

"చెయ్యి తియ్యండి."

"తియ్యను. ఆడదాని చెయ్యి పట్టుకుని లాగాలంటే లాగండి. తాతాజీగారు చూస్తున్నారు." ఆవిడ గొంతు పెంచలేదు. "తాతాజీగారూ, రాజుగారినీ, డైరెక్టరుగారినీ, గీతికనీ పిలుచుకురండి. వచ్చేటప్పుడు, ఇందాక నేను వస్తూ చూశాను, నోటీసుబోర్డుకి గుచ్చిన పూజ ఫోటో ఉంది, అదీ పట్టుకురండి."

బంగార్రాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడి, వాచీ చూసుకున్నాడు. రామతులసి కూడా చూసింది. రెండూ ముప్పై ఐదు. నాలుగింటికి ఎస్సై వస్తాడంటూ, ఈయన రెండున్నర నుంచే వాచీ ఎందుకు చూసుకుంటున్నాడో ఆవిడకి అర్థం కాలేదు.

హనుమంతరాజుగారు తెల్లటి పంచె అంచు చేత్తో పట్టుకుని లోపలికొచ్చారు. భారీ మనిషి. ఆయన వెనక శ్రీనివాసరాజు, ఆ వెనక గీతిక. రామతులసి ఫోటో చేతికిచ్చింది. కొబ్బరికాయ కొడుతున్న డైరెక్టరు, పక్కన పసుపుగిన్నెతో తాతాజీ, వాళ్ళ ముందు బొట్లు పెట్టిన పట్టాలు, మూలన కెమెరా వేసిన నారింజరంగు తేదీ, దసరానాటిది.

"ఇందులో కుడిపట్టా మీద సూది నుంచి ఐదో బొట్టు చూడండి రాజుగారూ. కారింది కదా. ఇప్పుడు ఇక్కడ చూడండి."

ఆయన ఒక చేత్తో మోకాలు పట్టుకుని వంగి చాలాసేపు చూశారు. ఫోటో చూశారు. మళ్ళీ పట్టా చూశారు. పసుపు మళ్ళీ పెట్టొచ్చు గానీ, అదే వంపుతో కారిన చారని మళ్ళీ పెట్టలేరు.

"శ్రీనూ," అన్నారాయన లేవకుండానే. "రిపోర్టులో ఎంత దూరం రాశావు?"

"నూట యాభై బావగారూ."

"ఇది మూడొందలు దాటలేదు."

గదిలో నైట్రోజన్ క్యాను సన్నగా ఈల వేస్తోంది. శ్రీనివాసరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచి పెట్టుకోలేదు.

"నేనిక్కడ తీయలేదు. నాకు సీడీ వచ్చింది. మన స్ఫటికాలు నాలుగు బయటికి పంపిస్తే, వాళ్ళ మిషన్ మీద తీసి, అంకెలు పంపారు. మన మిషన్ మీద తీసినట్టే రాసుకో, మీ బావగారి పేరు నిలబడుతుంది అన్నారు. నాకూ ఆశ పుట్టింది. ఆకారం సరిదిద్దింది మాత్రం నేనే బావగారూ. ఎంత బాగా కుదిరిందో!"

"కుదరకేం చేస్తుంది సార్?" గీతిక ఒక అడుగు ముందుకేసింది. "నిజంగా కొలిచిన చుక్కలు అంచుకి పోయేకొద్దీ మసకబారాలి. మీరు కంప్యూటర్లో పెట్టిన అంకెల్లో చివరిచుక్క కూడా మధ్యచుక్కంత నిగనిగలాడుతోంది. అవి కొలిచినవి కావు సార్. ముందే ఒక బొమ్మ పెట్టుకుని, దాన్నుంచి లెక్కగట్టి రాసినవి. అందుకే ఆ బొమ్మకి అంత బాగా కుదిరాయి."

"నాకు తెలిసేట్టు చెప్పమ్మా," అన్నారు హనుమంతరాజుగారు.

"లేసు అల్లకుండా, కాగితం మీద డిజైను గీసి, ఇదే లేసని అమ్మడమండి," అంది రామతులసి. "అయితే గీతికా, నీకిది ఎలా తెలుసు?"

"పోల్చానండి. ప్రొటీన్ ఒకటే అయినప్పుడు మూడు దాకా నా చుక్కలూ, ఆ చుక్కలూ కలవాలి. లావుదారంతో అల్లినా సన్నదారంతో అల్లినా పెద్దపువ్వులు ఒకచోటే ఉండాలి కదా. నలభై చుక్కలు పోల్చాను. దరిదాపుల్లో కూడా లేవు. ఆ అంకెలన్నీ నా పుస్తకంలో ఉన్నాయి." ఆ పిల్ల చెయ్యి భుజాన ఉన్న బ్యాగు మీదికి వెళ్ళింది.

ఇప్పుడు అడగొచ్చు అనిపించింది రామతులసికి. "అందుకే టేపు తీశావు."

గీతిక తలెత్తి యజమాని ముఖంలోకి చూసింది. "తీశానండి."

"విన్నారా!" బంగార్రాజు అరిచినంత పని చేశాడు. "నేను మొదటిరోజే చెప్పలేదూ?"

"మీరు చెప్పిన మనిషే. మీరు చెప్పిన దొంగతనం కాదు," అంది రామతులసి. మనసులో మాత్రం ముల్లు గుచ్చుకుంది. ఈ పిల్ల తల్లికి తను ఏమని చెప్పాలి? టేపు తీయలేదనా? "ఎందుకు తీశావో నువ్వే చెప్పు."

"టేపులు తక్కువగా ఉన్నాయి, పాతవి చెరిపి వాడదామని సార్ అన్నారండి. అది పోతే నా మూడు ఆంగ్‌స్ట్రామ్‌లూ పోతాయి. అబద్ధమని చెప్పడానికి ఇంకేం మిగలదు. అందుకని మంగళవారం స్పీడ్‌పోస్టులో పంపేశాను. దాంతోపాటు ఉత్తరం రాశాను, పోల్చిన సంగతంతా."

శ్రీనివాసరాజు తల దించుకునే అన్నాడు. "టేపు పోవడం నాకు కలిసొచ్చిందనుకున్నాను. కంపెనీవాళ్ళు అడిగితే దొంగలెత్తుకుపోయారని చెప్పొచ్చుగా. నీమీదికి వస్తుందని తెలిసి కూడా ఊరుకున్నానమ్మా."

"ఎవరికి పంపావు?" రామతులసి అడిగింది.

"రాజరత్నం సార్‌కండి, విశాఖపట్నం. ఎమ్మెస్సీలో నా గైడు. లోకంలో ఎవరు మాయ చేసినా ఆయన కళ్ళు కప్పలేరు. ఆయన చూస్తే..."

పక్కనున్న బల్ల కిర్రుమంది. శ్రీనివాసరాజు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంతపని చేశావమ్మా!" అన్నాడు. "ఆ సీడీ పంపింది ఆయనే."

గీతికకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక బ్యాగు పట్టీని పట్టుకున్న వేళ్ళు వదులై జారిపోయాయి. చదువు చెప్పిన మనిషి, ప్రయోగశాలలో మొదటిసారి స్ఫటికాన్ని చూపించిన మనిషి. రామతులసి ఆ పిల్ల భుజం మీద చెయ్యివేసింది.

"అమ్మాయికి కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి. బయట కాస్త గాలికి కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాను. రా అమ్మా," అంటూ బంగార్రాజు గీతికను గుమ్మం బయటున్న బెంచీ వైపు నడిపించాడు. ఆ పూటంతటిలో ఆయన గొంతు మెత్తబడటం అదే మొదటిసారి. ఆ మెత్తదనాన్ని గమనించే స్థితిలో అక్కడెవరూ లేరు. రామతులసి కూడా లేదు. ఆవిడ దృష్టంతా బల్లమీది ఫోన్ మీద ఉంది.

"రాజుగారూ, మంగళవారం స్పీడ్‌పోస్టంటే ఇవాళ చేరే రోజు. ఆ టేపు ఇంకా ఆయన చేతికి అందకపోతే మనకి దారి ఉంది. కనుక్కోవాలి."

"చెయ్యి శ్రీనూ," అన్నారు హనుమంతరాజుగారు. "స్పీకరు పెట్టు. నేనున్నట్టు తెలియకూడదు."

రామతులసి నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాసి శ్రీనివాసరాజు ముందు పెట్టింది. ఇది తప్ప ఇంకేం మాట్లాడొద్దని వేలు పెదవుల మీద పెట్టి చూపింది. నాలుగుసార్లు మోగాక అవతల ఎత్తారు.

"సార్, టేపు గురించి ఇక్కడ అడుగుతున్నారు," అని చదివాడు శ్రీనివాసరాజు.

"కంగారెందుకయ్యా?" స్పీకరులోంచి వచ్చిన గొంతు నిదానంగా, పాఠం చెబుతున్నట్టు ఉంది. "మీ భీమవరం పోస్టు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పొద్దున తొమ్మిదిన్నరకే అందింది. అందగానే చెరిపేశాను. మంచి పిల్లయ్యా, నలభై చుక్కలు చేత్తో పోల్చింది. నేను నేర్పిన పద్ధతే."

హనుమంతరాజుగారి పిడికిలి బల్లమీద బిగుసుకుంది. రామతులసి ఆయన మణికట్టు మీద వేలితో తాకి, ఆగమని సైగ చేసింది.

"ఇక మిగిలింది ఆ పుస్తకం," అంది గొంతు. "అదీ, ఆ పిల్ల నోరూ. ఎస్సై దగ్గర నోరు విప్పితే మనకే చుట్టుకుంటుందని బంగార్రాజుకు పదింటికే ఫోన్ చేశాను. పోలీసులు రాకముందే మూడింటికల్లా పుస్తకంతో సహా బయటికి తీసుకుపోతానన్నాడు. నీకు చెప్పలేదా? ఆయన్ని మీ బావకి ఊరికే సిఫారసు చేశాననుకున్నావా ఏంటి?"

గోడగడియారం మూడు గంటలకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. రామతులసి గిర్రున తిరిగింది. బెంచీ మీద ఎవరూ లేరు. తాతాజీ అప్పుడే గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వస్తూ, "అమ్మాయిగారేరండీ?" అన్నాడు.

బయట గేటు దగ్గర జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. రామతులసి గుమ్మం దాకా పరిగెత్తింది. ఈ గదిలోకి వచ్చేవాళ్ళు బయట చెప్పులు విప్పి వస్తారు. వాటి మధ్య గీతిక చెప్పులు రెండూ అలాగే ఉన్నాయి. ఒకటి బోర్లా తిరగబడి ఉంది.